చెట్లు తర్వాత, ముందు వాలు

గోల్ఫ్ గేమ్ కొన్నవాళ్లలో ఒక రకం మనుషులున్నారు. రెండు మూడు రౌండ్లు ఆడతారు. పటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించడం) చేతికి పట్టుబడేలోపే మెనూలో ఎక్కడో అడుగున ఉన్న కోర్స్ డిజైన్ (గోల్ఫ్ మైదానాన్ని సొంతంగా గీసుకునే ఏర్పాటు) మీద నొక్కుతారు. అంతే, ఇక టోర్నమెంట్లూ లేవు, ట్రోఫీలూ లేవు. మళ్లీ క్లబ్బు పట్టుకునేది తాము గీసిన నాలుగో హోల్‌లో (కోర్సులోని ఒక్కో ఆట దారిని హోల్ అంటారు) బంతి ఎటు పోతుందో చూసుకోవడానికే. ఈ జ్ఞాపకాలు ఆ రకం వాళ్ల కోసం. ఇంకా అటు వెళ్లనివాళ్లు చదివినా నష్టం లేదు, కాకపోతే వాళ్లూ ఇటు వచ్చేస్తారేమో.

1986లో అకోలేడ్ వాళ్ల మీన్ 18 వచ్చింది. అదే ఏడాది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నుంచి వరల్డ్ టూర్ గోల్ఫ్. రెండింటిలోనూ సొంత కోర్సు కట్టుకునే ఏర్పాటు ఉండేది. అప్పటి పీసీల సీజీఏ తెర మీద రంగులు నాలుగే. పైనుంచి చూసే పటం మీద ఇక్కడ ఫెయిర్‌వే (పొట్టి గడ్డి దారి), అక్కడ ఇసుక, అదిగో నీళ్లు అని పేర్చుకుంటూ పోవడమే డిజైన్. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. కానీ ఎత్తుపల్లాల సొగసు లేని ఆ నేల మీద ఒక హోల్‌ను ఆసక్తిగా మార్చాలంటే డిజైనర్ చేతిలో ఉన్నవి దూరం, కోణం, ఇసుక ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం మాత్రమే. అలంకారానికి చోటే లేదు. అందుకే ఆ కాలంలో ఎడిటర్‌తో, అంటే కోర్సు గీసే పనిముట్టుతో, కుస్తీ పట్టినవాళ్లకు హోల్ ఆలోచన మీద పట్టు త్వరగా వచ్చింది. ఇప్పటి ఎడిటర్లలో వందల రకాల మొక్కలు చేతికిచ్చి ఆ పాఠాన్నే ఆలస్యం చేస్తున్నారని మా అభిప్రాయం.

1990లో అకోలేడే జాక్ నిక్లాస్ అన్‌లిమిటెడ్ గోల్ఫ్ అండ్ కోర్స్ డిజైన్ తెచ్చింది. పేరులోనే డిజైన్ అని పెట్టుకున్న ఆట. 1992లో సిగ్నేచర్ ఎడిషన్ వచ్చేసరికి చాలామందికి ఆడటం కంటే కట్టడమే ముఖ్యమైపోయింది. కోర్సు మొత్తం ఒక ఫ్లాపీలో పట్టేది, ఫ్లాపీ చేతులు మారేది. ఇంకోవైపు యాక్సెస్ సాఫ్ట్‌వేర్ వాళ్ల లింక్స్ ఉండేది. చూడ్డానికి దాన్ని మించింది లేదు. ఒక్కో షాట్ తర్వాత తెర మళ్లీ గీసుకోవడానికి సెకన్లు పట్టేది, చెట్లు ఒక్కొక్కటే మొలిచేవి, జనం ఓపిగ్గా చూస్తూ కూర్చునేవాళ్లు. కానీ దశాబ్దం పాటు లింక్స్ కోర్సులు కొనుక్కోవడమే తప్ప కట్టుకోవడం లేదు. 2000 చివర్లో వచ్చిన లింక్స్ 2001లో ఆ కొరత తీరింది. అప్పటికి ఆ సంస్థ మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. పెట్టెలో ఆర్నాల్డ్ పామర్ కోర్స్ డిజైనర్ కూడా పెట్టి ఇచ్చారు. సొంత గడ్డి బొమ్మలు, సొంత చెట్లు, సొంత దిగంతం, అన్నీ లోపలికి తెచ్చుకోవచ్చు. ఎక్కడో తీసిన కొండల ఫొటోని అంచులు కలిపి కోర్సు చుట్టూ పరిచిన రోజులవి. ఒక మంచి కోర్సుకు నెలలు పట్టేది. ఆ ఓపిక ఉన్నవాళ్లు కట్టినవి కంపెనీ కోర్సుల పక్కన పెడితే తేడా తెలిసేది కాదు.

2002లో వచ్చిన సిడ్ మైయర్ సిమ్‌గోల్ఫ్ ఇంకో దారి. అందులో గళ్ల మీద ముక్కలు పేర్చాలి, దాని మీద బొమ్మ మనుషులు వచ్చి ఆడతారు, నచ్చకపోతే మొహం మీదే విసుక్కుంటారు. ఆ ఆట ఒక హోల్‌ను మూడు గుణాలతో తూచేది: పొడవు, గురి, ఊహ. చూడ్డానికి పిల్లల ఆటలా ఉన్నా పెద్ద ఎడిటర్లు చెప్పని ముక్క అది. హోల్ అంటే దృశ్యం కాదు, ఆడేవాడిని అడిగే ప్రశ్న. తర్వాత 2014లో హెచ్‌బీ స్టూడియోస్ ద గోల్ఫ్ క్లబ్ తెచ్చింది. దాని వారసత్వమే 2020 నాటి పీజీఏ టూర్ 2కే21, ఆ తర్వాత వచ్చినవీ. ఒక బటన్ నొక్కితే కొండలతో, చెట్లతో, పద్దెనిమిది హోల్స్‌తో కోర్సు తయారు. మిగిలిన పని మనది.

ఆ మిగిలిన పని గురించే చెప్పుకోవాలి.

బటన్ నొక్కితే వచ్చిన హోల్స్ అన్నీ చెరిపేయండి. నేల ఉంచుకోండి చాలు. ఆ నేల మీద పైనుంచి కాకుండా కెమెరాను మనిషి ఎత్తుకు దించి కాసేపు తిరగండి. వెతకాల్సింది టీ (మొదటి షాట్ కొట్టే చోటు) కోసం కాదు, గ్రీన్‌కి (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డికి) చోటు కోసం. గట్టు మీద చిన్న చదును, వాగు ఒడ్డున వంపు, రెండు దిబ్బల నడుమ ఉన్న గిన్నె లాంటి పల్లం, ఇలాంటివి ఒక పదిహేను ఇరవై గుర్తు పెట్టుకుంటే వాటి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ టీలు పెట్టుకోవచ్చు. టీ ముందు పెట్టి గ్రీన్ ఎక్కడ పడితే అక్కడ అనుకున్న కోర్సుల్లో గ్రీన్లన్నీ మట్టి పోసి కట్టినట్టే ఉంటాయి. నిజానికీ అవి మట్టి పోసి కట్టినవే కదా.

పార్ అంటే ఒక హోల్‌కో, మొత్తం కోర్సుకో లెక్కగా పెట్టిన షాట్ల సంఖ్య. పార్ 72 కావాలంటే మామూలు లెక్క నాలుగు పార్ 3లు, పది పార్ 4లు, నాలుగు పార్ 5లు. ఇదేమీ శాసనం కాదు, 70 అయినా 71 అయినా మంచి కోర్సులున్నాయి. ప్రపంచ హ్యాండీక్యాప్ విధానం (ఆటగాళ్ల స్థాయిని లెక్కగట్టే పద్ధతి) పురుషులకు ఇచ్చిన కొలతలు చూస్తే పార్ 3 గరిష్ఠంగా 260 గజాలు, పార్ 4 240 నుంచి 490, పార్ 5 450 నుంచి 710. అంకెలు ఒకదాని మీదికొకటి వస్తున్నాయి చూశారా, డిజైనర్ ఆడుకోవాల్సిన చోటు అదే. 250 గజాల హోల్‌ను పార్ 3 చేస్తే ఒక కథ, పార్ 4 చేస్తే ఇంకో కథ. నాలుగు పార్ 3లూ నాలుగు దిక్కులకు తిరిగి ఉండాలి, పొడవులు 130, 165, 190, 225 లా విడిపోవాలి. లేకపోతే ఆడేవాడు నాలుగుసార్లూ ఒకే ఐరన్ క్లబ్బు తీస్తాడు. గాలి ఒకే వైపు నుంచి వీస్తుంది కాబట్టి వరసగా మూడు హోల్స్ ఒకే దిక్కుకు పోతే తొమ్మిదో హోల్‌కే విసుగొస్తుంది. గ్రీన్ నుంచి తర్వాతి టీకి 60, 70 గజాలకు మించి ఉండకుండా చూసుకోవాలి. గేమ్‌లో నడవక్కర్లేదు కదా అంటారు కొందరు. నిజమే, కానీ టీ దగ్గర కెమెరా తెరుచుకోగానే పక్కన పాత గ్రీన్ కనిపిస్తే కోర్సు ఒకే నేలగా అనిపిస్తుంది. కనిపించకపోతే పద్దెనిమిది విడి విడి గదులు.

నేలను మలిచేటప్పుడు పెద్ద బ్రష్‌తో మొదలుపెట్టి చిన్న బ్రష్‌తో ముగించాలి. తిరగేస్తే అంతా గుల్లలు గుల్లలుగా వస్తుంది. బ్రష్ తీవ్రత తక్కువలో పెట్టుకుని నాలుగుసార్లు రుద్దడం, ఎక్కువలో పెట్టి ఒక్కసారి నొక్కడం కంటే ఎప్పుడూ మంచిది. ఎత్తు పెంచి, ఎక్కువైందని దించి, మళ్లీ పెంచుతూ పోతే కంటికి కనపడని చిన్న చిన్న గతుకులు మిగిలిపోతాయి. పైనుంచి చూస్తే నున్నగానే ఉంటుంది. పట్ కొడితే బంతి వణుకుతూ పోతుంది. అలా జరిగితే గతుకులు వెతుక్కుంటూ కూర్చోకండి, ఆ భాగాన్ని నునుపు బ్రష్‌తో చదునుకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టడమే తక్కువ పని. ఇంకో చిక్కు అంచులది. బ్రష్ అంచు గట్టిగా ఉంటే దిబ్బ చుట్టూ గోడలా గీత పడుతుంది. సాయంత్రపు వెలుతురు పెట్టి చూస్తే ఇట్టే పట్టుబడుతుంది. అందుకే తెలిసినవాళ్లు పగటి సమయాన్ని సూర్యుడు వాలిన వేళకు మార్చుకుని నేల మలుస్తారు. నీడలు పొడుగ్గా పడితే ప్రతి వంకర బయటపడుతుంది. మిట్ట మధ్యాహ్నపు వెలుతురులో తప్పులన్నీ దాక్కుంటాయి.

నీటి సంగతి ముందే తేల్చుకోవాలి. కొన్ని ఎడిటర్లలో నీటి మట్టం ప్లాట్ మొత్తానికీ ఒకటే. ఎక్కడ నేల అంతకంటే కిందికి తవ్వినా అక్కడ నీళ్లు పుడతాయి. పదమూడో హోల్‌లో లోతుగా బంకర్ (ఇసుక గుంత) తవ్వుతూ ఉంటే అడుగున చెరువు ప్రత్యక్షమవడం చాలామందికి అనుభవమే. కోర్సు మొత్తాన్ని మొదట్లోనే కాస్త ఎత్తులో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. చివర్లో మట్టం దించుదామంటే కట్టుకున్న చెరువులన్నీ ఎండిపోతాయి.

ఎత్తు తేడా దూరం మీద ఎలా పనిచేస్తుందో ఒక మోటు లెక్క ఉంది. గజం ఎత్తుకు గజం దూరం కలుపుకోవాలి. గ్రీన్ 15 అడుగులు పైన ఉంటే 150 గజాల షాట్ 155లా ఆడుతుంది, కిందుంటే 145లా. కొండ మీది టీ నుంచి 90 అడుగుల లోతుకు కొట్టే పార్ 3 చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ 30 గజాలు తగ్గి, బంతి నిటారుగా దిగి, గ్రీన్ మీద పడి అక్కడే అతుక్కుంటుంది. వాలుతో పనేమీ ఉండదు. కోర్సుకు అలాంటిది ఒకటి చాలు. చాలామంది కొత్తవాళ్ల కోర్సుల్లో పార్ 3లు నాలుగూ అలాగే ఉంటాయి, పైగా అందులో ఒకటి నీళ్ల మధ్య ద్వీపం.

ద్వీపం గ్రీన్ మాట వచ్చింది కాబట్టి. ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్ కోర్సులో 17వ హోల్ దాదాపు 137 గజాలు. కోర్సు తక్కిన భాగానికి మంచి ఇసుక కావాల్సి అక్కడ తవ్వుకుంటూ పోతే గొయ్యి మిగిలింది. చుట్టూ నీళ్లు పెట్టేద్దామని ఆ కోర్సు గీసిన పీట్ డై భార్య ఆలిస్ డై సలహా ఇచ్చారు. అక్కడ అది భయపెట్టడానికి కారణం నీళ్లొక్కటే కాదు. గట్టి గ్రీన్, తిరుగుతూ వీచే గాలి, ఆట ముగియడానికి ఇంకొక్క హోలే మిగిలి ఉండటం, అన్నీ కలిసి. గేమ్‌లో వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్బు) పట్టుకున్న ఎవరైనా 137 గజాల నుంచి పది అడుగుల్లో ఆపగలరు. కాబట్టి మెత్తటి గ్రీన్, గాలి లేని వాతావరణం పెట్టి ద్వీపం కడితే అది అలంకారం మాత్రమే. గ్రీన్ గట్టిదనం పెంచి, మధ్యలో ఒక మెట్టు పెట్టి, జెండాను చిన్న భాగంలో ఉంచితే అప్పుడు నీళ్లకు పని దొరుకుతుంది.

బంకర్ విషయంలో అందరూ చేసే పొరపాటు ఫెయిర్‌వేకి రెండు పక్కలా సమానంగా పెట్టడం. అప్పుడు ప్రశ్నే లేదు, నేరుగా కొట్టడమొక్కటే జవాబు. గేమ్‌లో నేరుగా కొట్టడం కష్టం కాదు కూడా. దానికి బదులు ఫెయిర్‌వేని టీకి ఏటవాలుగా, 30 నుంచి 45 డిగ్రీల కోణంలో పరచండి. దగ్గరి అంచు పొడవునా ఇసుకో వాగో పెట్టండి. కుడి చివర దాటడానికి 200 గజాలు చాలు, మధ్యలో 230, ఎడమ చివర 265. ఇక గ్రీన్‌ని కుడి నుంచి చూస్తే బంకర్ అడ్డొచ్చేలా, ఎడమ నుంచి చూస్తే తెరుచుకునేలా తిప్పండి. 265 దాటే ధైర్యం చేసినవాడికి 130 గజాల్లో ఖాళీ దారి. 200తో సరిపెట్టుకున్నవాడికి 175 గజాలు, మధ్యలో ఇసుక. ఒక్క బంకర్‌తో ముగ్గురు మూడు రకాలుగా ఆలోచిస్తారు. గాలి మారితే ఆ ముగ్గురి లెక్కలూ మారతాయి. ఈ కోణాలు పట్టుబడిన రోజు నుంచి ఎడిటర్ వదలబుద్ధి కాదు. ఫెయిర్‌వే వెడల్పు బంతి దిగే చోట 30 నుంచి 40 గజాలు చాలంటారు. ఇలాంటి హోల్‌కి 50, 60 పెట్టినా తప్పులేదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 112 బంకర్లు, ఫెయిర్‌వేలు మాత్రం విశాలం. వెడల్పు ఉంటేనే ఎటు కొట్టాలన్న ఆలోచన పుడుతుంది. ఇరుకు దారిలో ఆలోచించడానికేముంది?

పైనుంచి చూస్తే బంకర్ అందంగా ఉంటుంది. టీ మీద నిలబడితే కనిపించదు. ఇది దాదాపు ప్రతి మొదటి కోర్సులోనూ ఉంటుంది, ఎందుకంటే ఆడేవాడి కన్ను నేల నుంచి ఆరు అడుగుల లోపే ఉంటుంది. 240 గజాల అవతల చదును నేలలో తవ్విన గుంత ఒక సన్నటి గీత. మందు సులువే. గుంతను తవ్వడంతో సరిపెట్టకుండా వెనక గోడను 3 నుంచి 5 అడుగులు పైకి లేపి, ముందున్న నేలను కాస్త దించాలి. ఇసుక ఆడేవాడి వైపు మొహం పెట్టి నిలబడుతుంది. అడుగు భాగం మాత్రం చదునుగా, మధ్యకు కొద్దిగా వాలి ఉండాలి. గోడ నిలువుగా, ఇసుక దాని అంచు దాకా ఉంటే బంతి అంచు కిందే ఇరుక్కుంటుంది, కొన్నిసార్లు కెమెరా మట్టిలోకి దూరి తెరంతా గోధుమ రంగు నిండిపోతుంది.

అలిస్టర్ మెకంజీ గురించి ఇక్కడ ఒక మాట. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో వైద్యుడిగా పనిచేస్తూ అక్కడి సైనికులు నేలలో ఎలా కలిసిపోతారో గమనించి, ఆ కిటుకును కోర్సుల్లోకి తెచ్చిన మనిషి. బాబీ జోన్స్‌తో కలిసి అగస్టా నేషనల్ గీసింది ఆయనే. గ్రీన్‌కి 25, 30 గజాల ముందే బంకర్ పెట్టి, దూరం నుంచి చూసేవాడికి అది గ్రీన్‌ని ఆనుకునే ఉన్నట్టు భ్రమ కల్పించడం ఆ తరం వాళ్ల విద్య. గేమ్‌లో ఆ విద్య సగమే పారుతుంది. తెర మీద జెండా దాకా ఎన్ని గజాలో అంకె కనిపిస్తూనే ఉంటుంది కదా. అయినా పెట్టండి. అంకె ఒకటి చెబుతున్నా కన్ను ఇంకోటి చెబుతుంటే చేయి తడబడటం గేమ్‌లోనూ ఉంది.

ఇక గ్రీన్. అసలు మజా ఇక్కడే, ఇబ్బందీ ఇక్కడే.

వాలును శాతాల్లో లెక్కేసుకోవడం అలవాటు చేసుకోవాలి. 100 అడుగులకు 2 అడుగులు దిగితే 2 శాతం. 20 అడుగుల పట్‌లో 2 శాతమంటే దాదాపు 5 అంగుళాల తేడా. అంతేనా అనిపిస్తుంది, కానీ వేగమైన గ్రీన్ మీద అదే బంతిని హోల్ పక్క నుంచి లాక్కుపోతుంది. గ్రీన్ వేగాన్ని స్టింప్ కొలతతో చెబుతారు. ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో తయారుచేసిన వాలు పట్టీ మీద నుంచి జారిన బంతి చదును గ్రీన్ మీద ఎన్ని అడుగులు పోతే అన్ని మార్కులు. 10, 11 వేగం ఉన్న చోట జెండా పెట్టే భాగాలు 1 నుంచి 3 శాతం లోపే ఉండాలి. 4 దాటితే బంతి ఆగదు. పై నుంచి తాకిన పట్ గ్రీన్ దిగి ఫెయిర్‌వేలోకి పోతుంది. కొత్త డిజైనర్లు తక్కువ వేగంలో గ్రీన్ మలిచి, అలలు అలలుగా అందంగా వచ్చిందని మురిసి, చివర్లో వేగాన్ని పెంచుతారు. దాంతో పద్దెనిమిది గ్రీన్లూ ఆడటానికి వీల్లేకుండా పోతాయి. వేగం ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే అలలు.

అలాగని మొత్తం గ్రీన్‌ని 2 శాతంలో పెడితే ఉప్పూ కారం లేని గ్రీన్. జెండా పెట్టే నాలుగు చోట్లు చదునుకు దగ్గరగా ఉంచి, వాటిని కలిపే నేలలో 6, 8 శాతం మెట్లు, వెన్నులు పెట్టుకోవాలి. తప్పు భాగంలో బంతి పడితే ఆ మెట్టు దాటి పట్ చేయాలి. జెండా చోటు గ్రీన్ అంచుకు నాలుగు అడుగుల దూరంలో కాదు, నాలుగు అంగల దూరంలోనైనా ఉండాలి, చుట్టూ రెండు మూడు అడుగులు ఒకే తీరు నేల ఉండాలి. అంచుల సంగతి మరిచిపోకండి. అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సులో డోనాల్డ్ రాస్ గీసిన గ్రీన్లు బోర్లించిన పళ్లేల్లా ఉంటాయి, అంచున పడిన బంతిని బయటికి తోసేస్తాయి. గేమ్‌లో ఆ అంచు బయట రఫ్ (పొడుగు గడ్డి) పెడితే బంతి రెండడుగుల్లో గడ్డిలో ఆగిపోయి ఆ గ్రీన్ ఉద్దేశమే చెడుతుంది. చుట్టూ పొట్టి గడ్డి పరిస్తే బంతి పదిహేను గజాలు దొర్లి పల్లంలో చేరుతుంది. అప్పుడు చిప్ చేయాలా (కాస్త ఎగరేసి కొట్టాలా), పట్ చేయాలా అని తల గోక్కోవాలి.

నేల వాలుతో ఒక హోల్ మొత్తాన్ని నడిపించడం నేర్చుకోవాలంటే స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్ 15వ హోల్, అదే రెడాన్, కట్టి చూడాలి. కోర్సుల రూపకర్త చార్ల్స్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ అమెరికాలో తన నేషనల్ గోల్ఫ్ లింక్స్ నాలుగో హోల్‌కి దీన్నే తీసుకున్నారు. అప్పటి నుంచి ఎన్ని చోట్ల కట్టారో. ఎడిటర్‌లో ఇలా చేయండి. 190 గజాల దూరంలో గ్రీన్ పెట్టండి, దాని పొడవు ఆట గీతకు 45 డిగ్రీల కోణంలో కుడి ముందు మూల నుంచి ఎడమ వెనక మూలకు ఉండాలి. మొత్తం గ్రీన్ ఆ వెనక మూల వైపే 3 శాతం దాకా వాలాలి, అంటే ఆడేవాడికి దూరంగా. ఎడమ ముందు అంచున లోతైన బంకర్, 6 అడుగులకు తక్కువ కాకుండా. కుడి ముందు మూలకు ఇవతల 15, 20 గజాల మేర నేలను భుజంలా లేపి, దాని మొహం ఎడమకు తిప్పండి, 5, 6 శాతం వాలు. జెండా ఎడమ వెనక, బంకర్ చాటున.

నేరుగా జెండా మీదికి కొడితే బంతి వాలు మీద పడి గ్రీన్ వెనక వైపు నుంచి బయటికి జారిపోతుంది, పొట్టిగా పడితే ఇసుక. సరైన జవాబు జెండాకు చాలా కుడిగా ఆ భుజం మీద దించి, మిగతా పని నేలకు వదిలేయడం. బంతి భుజం దిగి, గ్రీన్ ఎక్కి, వంపు తిరిగి, నెమ్మదై, బంకర్ వెనక కనిపించకుండా పోయి జెండా దగ్గర తేలుతుంది. మొదటిసారి అది జరగదు. మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. భుజం మీద రఫ్ ఉండి ఉంటుంది, దాన్ని ఫెయిర్‌వే గడ్డికి మార్చాలి. లేదా నేల మెత్తగా పెట్టి ఉంటారు, గట్టిదనం పెంచకపోతే బంతి పడ్డ చోటే కూర్చుంటుంది. ఈ రెండూ సరిగ్గా ఉన్నా పోకపోతే భుజానికీ గ్రీన్‌కీ మధ్య కనపడని చిన్న గాడి ఉంటుంది, బ్రష్ రెండు గీతలు కలిసిన చోట. నునుపు బ్రష్‌ని తక్కువ తీవ్రతలో ఆ కీలు మీద ఒక్కసారి తిప్పితే పోతుంది. ఎక్కువ తిప్పితే భుజమే అరిగిపోతుంది. ఐదు, ఏడు ఐరన్లతో, ఎదురుగాలిలో, వెనకగాలిలో కొట్టి చూడాలి. రెడాన్ పనిచేసిన సాయంత్రం ఇంకో పని జరగదు, అదే హోల్ మళ్లీ మళ్లీ ఆడుతూ కూర్చుంటారు.

చెట్లు ఇక చివర్లో. చల్లే బ్రష్‌తో అడవి నింపి, ఆట గీత పక్కన ఉన్నవాటిని మాత్రం ఒక్కొక్కటి చేత్తో నాటాలి. ఒకే చెట్టును ఒకే ఎత్తులో వరసగా పెడితే కంచెలా ఉంటుంది. మూడు నాలుగు జాతులు, 80 నుంచి 120 శాతం మధ్య ఎత్తులు, తలా ఒక వైపు తిప్పి పెట్టాలి. చెట్ల మొదట్లో పొదలు లేకపోతే కాండాలు నేలలో గుచ్చిన కర్రల్లా కనిపిస్తాయి. వస్తువులకు పరిమితి ఉన్న ఎడిటర్లలో మొదటి తొమ్మిదికే కోటా అంతా ఖర్చు చేసి, పద్దెనిమిదో హోల్ ఎడారిలా వదిలేసినవాళ్లు ఎందరో. కనిపించని కొండ వెనక అడవి అనవసరం. నాటిన తర్వాత తెర కదలిక నత్తనడక అయితే తీసేయాల్సింది ముందు పువ్వులూ పొడుగు గడ్డీ, చెట్లు కాదు.

నిజమైన కోర్సును దించాలనుకునేవాళ్లకు ఈ మధ్య లైడార్ దారి దొరికింది. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తులను, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉచిత పటం గీతలను కలిపి కంప్యూటర్‌లో ఎడిటర్‌లోకి పంపే పరికరాలు ఔత్సాహికులు తయారుచేశారు. ఆ దత్తాంశంలో నేల బిందువులకు 2 అనే తరగతి అంకె ఉంటుంది. అవే తీసుకోవాలి. అన్నీ తీసుకుంటే ప్రతి చెట్టూ ఒక దిబ్బై మొలుస్తుంది, వంతెనలు గోడలవుతాయి. ఫెయిర్‌వేల ఒంపులు అచ్చం వస్తాయి. గ్రీన్లు మాత్రం నమ్మకూడదు. బిందువుల మధ్య ఎడం వల్ల సన్నటి మెట్లు అరిగిపోయి, లేని గతుకులు చేరతాయి. గ్రీన్లన్నీ ఫొటోలు చూసుకుంటూ చేత్తో మళ్లీ మలచాల్సిందే. మట్టి మోసే పని తప్పింది కానీ ఆలోచన పని తప్పలేదు. కొండలు వాటంతటవే వచ్చేశాక మజా తగ్గిందని పాతవాళ్లు కొందరంటారు. మేం ఒప్పుకోం, అది వేరే ఆట అంతే.

ప్రచురించే ముందు కోర్సును మంచిగా ఆడటం కాదు, చెడ్డగా ఆడాలి. కావాలని ఎడమకు, కావాలని కుడికి, కావాలని పొట్టిగా. బంతి ఎక్కడ పడినా తిరిగి ఆటలోకి రావడానికి ఒక దారి ఉందా, చెట్టులో ఇరుక్కుని కెమెరా తిరగలేకపోతోందా, గ్రీన్ వెనక గోడ దాటితే బంతి తర్వాతి హోల్ దాకా దొర్లిపోతోందా చూసుకోవాలి. వెనక టీల నుంచే కాదు, ముందు టీల నుంచీ ఆడాలి. 265 గజాల వాగు వెనక టీకి ప్రశ్న అయితే ముందు టీకి అది గోడ. కొన్ని ఆటల్లో ఒకసారి ప్రచురించాక అదే కోర్సును దిద్దడానికి వీలుండదు, కొత్త పేరుతో మళ్లీ ఎక్కించాలి, పాతదాని స్కోర్లు పాతదానితోనే పోతాయి.

ఎంత చూసుకున్నా ఎవరో ఒకరు మీరు అనుకోని దారి కనిపెడతారు. పక్క హోల్ ఫెయిర్‌వేలోకి కొట్టి, అడ్డంగా గ్రీన్ మీదికి. 1979 యూఎస్ ఓపెన్‌లో అమెరికాలోని ఇన్వర్నెస్ కోర్సు ఎనిమిదో హోల్‌లో లాన్ హింకిల్ అనే ఆటగాడు సరిగ్గా ఇదే చేశాడు, పదిహేడో ఫెయిర్‌వే మీదుగా దగ్గరి దారి పట్టాడు. మర్నాటి ఆటకు ముందే నిర్వాహకులు ఆ సందులో ఒక స్ప్రూస్ చెట్టు నాటించేశారు. ఎడిటర్‌లో చెట్టు నాటడం ఇంకా సులువు, రెండు నొక్కులు. నాటే ముందు ఆ దారిలో మీరే నాలుగు బంతులు కొట్టి చూడండి. నిజంగా తేరగా వచ్చే బర్డీ (పార్ కంటే ఒక షాట్ తక్కువ) అయితే నాటండి. ప్రమాదం కూడా ఉన్న దారి అయితే మీరు గీసిన దానికంటే అదే మంచి హోల్ కావచ్చు. అప్పుడు చెట్టు వద్దు. బంతి దిగే చోట ఒక బంకర్ పెట్టి, ఆ వైపు నుంచి గ్రీన్ ఎంతవరకు తెరుచుకోవాలో మళ్లీ లెక్కేసుకోండి.